ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషులోకి

హ్యాపీ షోర్స్ వినోద ఉద్యానవనంలో ఇకమీదట భాషా సమస్య అనేది ఉండబోదని యాజమాన్యం మే నెలాఖరులో ప్రకటించింది. గ్రీబ్ లేక్ పురప్రజలమంతా ఆ ప్రకటనను హర్షించాం. సమస్య ఎలా పోతుందని ఎవరూ అడగలేదు. విస్కాన్సిన్‌లో అలాంటివి అడగడం మర్యాద కాదు.

సమస్య ఎలా వచ్చిందో మాత్రం అందరికీ తెలుసు. మా ఊరి పిల్లలు వేసవి సెలవుల్లో పార్కులో పనిచెయ్యడం మానేసి చాలా కాలమైంది. ఎండలో నిలబడి చెత్త ఊడవడం, ఎవరో వాంతి చేసుకున్న సీట్లు కడగడం వాళ్ళ వ్యక్తిత్వ వికాసానికి అడ్డొస్తుందని పెద్దలం మేమే తేల్చాం. దాంతో యాజమాన్యం కిర్గిజ్‌స్థాన్, బల్గేరియా, థాయిలాండ్, జమైకాల నుంచి కాలేజీ విద్యార్థుల్ని వేసవి వీసాల మీద తెప్పించడం మొదలుపెట్టింది. వాళ్ళొచ్చి ఊడ్చారు, కడిగారు, మా పిల్లలకు బెల్టులు బిగించారు. ఇన్ని చేసి ఒక్క లోపం మిగిల్చారు. మేము మాట్లాడేది వాళ్ళకు అర్థమయ్యేది కాదు.

మేము మాట్లాడేది అంత కష్టమైనదేమీ కాదు. మా ఊళ్ళో "పర్వాలేదు" అంటే అద్భుతంగా ఉందని అర్థం. "అదో రకంగా ఉంది" అంటే చూడలేకపోతున్నాం, కళ్ళు మూసుకోవాలనిపిస్తోందని అర్థం. ఎవరైనా మోకాళ్ళు చరుచుకుని "సరే మరి" అంటే తమరిక దయచేయవచ్చని అర్థం. అయితే ఆ తర్వాత గుమ్మం దగ్గర అరగంట నిలబడి మాట్లాడకపోతే అవమానం. మంచినీళ్ళ కుళాయిని "బబ్లర్" అంటాం. ఆ మాట దేశంలో చాలామందికి తెలియదట, ఆ సంగతి మాకు తెలియదు. ఇంత తేటతెల్లమైన భాషను నేర్చుకోకుండా విమానం ఎక్కేసే వాళ్ళను ఏమనాలి?

అందుచేత పార్కు జనరల్ మేనేజర్ డెన్నిస్ హోల్‌బ్రూక్ ఒక కొత్త పదవిని సృష్టించాడు. దాని పేరు భాషా సమన్వయకర్త. ఆ పదవికి మెర్ల్ హేవర్‌క్యాంప్‌ను నియమించాడు.

మెర్ల్ మా హైస్కూల్లో పిల్లలకు కారు నడపడం నేర్పి రిటైరైనవాడు. అతనికి ఇంగ్లీషు తప్ప మరో భాష రాదు. కానీ ఊళ్ళో మరెవరికీ లేని విదేశానుభవం అతనికుంది. ఒకసారి భార్య ఆర్లిస్‌తో మెక్సికో వెళ్ళి సముద్రం ఒడ్డున హోటల్లో వారం రోజులున్నాడు. అక్కడ తువాలు కావలసివచ్చి, "తు...వా...లు" అని నిదానంగా, గట్టిగా అడిగితే, హోటల్ కుర్రాడు రెండు తెచ్చిచ్చాడు. పరాయి భాషవాళ్ళతో వ్యవహరించే రహస్యం ఆ రోజుతో మెర్ల్‌కు పట్టుబడింది. ఆ కుర్రాడు షికాగోలో పెరిగినవాడని అతనికి ఎవరూ చెప్పలేదు.

పదవితో పాటు ఛాతీకి తగిలించుకునే బిళ్ళ ఒకటి ఇచ్చారు. నీలం రంగు, బంగారు అక్షరాలు. మెర్ల్ దాన్ని కిరాణా కొట్టుకు కూడా పెట్టుకెళ్ళేవాడు.

మొదటి రోజు శిక్షణలో అతను విద్యార్థుల్ని వరుసగా కూర్చోబెట్టి, గుండెల నిండా గాలి పీల్చి మొదలుపెట్టాడు. "నా... పే...రు... మె...ర్ల్."

వెనక వరుసలోంచి జమైకా కుర్రాడు టావోయ్ చెయ్యెత్తాడు. "సార్, ఇంత కష్టపడక్కర్లేదు. మామూలుగా చెప్పినా తెలుస్తుంది. మేం పుట్టినప్పట్నుంచీ ఇంగ్లీషే మాట్లాడతాం."

మెర్ల్ ముఖం వికసించింది. "చా...లా... బా...గా... నే...ర్చు...కు...న్నా...వు," అని అభినందించాడు.

టావోయ్ పక్కనున్న అమ్మాయి పేరు బెగిమాయ్. కిర్గిజ్‌స్థాన్‌లోని ఓష్ నగరం నుంచి వచ్చింది. ఆమె ఇంగ్లీషు అక్కడి కాలేజీలో పాత వ్యాకరణ గ్రంథాల్లోంచి నేర్చుకున్నది. మన చెవికి అది ఇదుగో ఇలా ఉండేది: "మహాశయా, మధ్యాహ్న భోజనము ఏ వేళకు లభించును?" అందులో ఒక్క తప్పు లేదు. మా ఊరివాళ్ళకు అర్థం కాకపోవడానికి అదే కారణం.

శిక్షణలో అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం బ్రేకు. ఇది మెర్ల్ సొంత రంగం. జీవితమంతా కుర్రవాళ్ళ పక్కసీట్లో ప్రాణాలు అరచేత పెట్టుకుని కూర్చున్నవాడు కాబట్టి ఇక్కడ అతను కేకలు కూడా మానేసి, మనసుపెట్టి చెప్పాడు. "బ్రేక్ అన్న మాట చెవిన పడితే ఆలోచించొద్దు. ఎవరన్నారు, ఎందుకన్నారు, ఏం అడగొద్దు. ఎర్ర పిడి లాగెయ్యండి. తర్వాత మాట్లాడుకుందాం."

అందరూ తలలూపారు. బెగిమాయ్ రెండుసార్లు ఊపింది.

మెర్ల్ పద్ధతే మేమూ పట్టుకుని వాళ్ళతో గట్టిగా, సాగదీసి మాట్లాడాం. వారం గడిచేసరికి విద్యార్థులు మా గురించి ఒక నిర్ణయానికి వచ్చారు. ఈ ఊరి జనం ఏళ్ళ తరబడి రోలర్ కోస్టర్ చప్పుడు పక్కన బతకడం వల్ల పాపం చెవుడు పట్టింది, అందుకే అంత పెద్దగా మాట్లాడుతున్నారు. మనసున్న పిల్లలు. మా వైకల్యాన్ని ఎత్తిచూపకుండా, మాకు అనువుగా ఉండే పద్ధతి పాటించారు. గేటు దగ్గర ముసలమ్మల చెవిలో నోరుపెట్టి "శు...భో...ద...యం" అని అరిచారు. మరుగుదొడ్డి ఎక్కడని గొంతు తగ్గించి అడిగినవాడికి సరస్సు అవతలి ఒడ్డుకు వినబడేలా దారి చెప్పారు.

ఫిర్యాదులు కుప్పపడ్డాయి. హోల్‌బ్రూక్ మెర్ల్‌ను పిలిచి, లోతుగా సమీక్షించి, విదేశీ సిబ్బంది అవసరానికి మించి మాట్లాడుతున్నారని కనిపెట్టాడు. ఆ మర్నాటి నుంచి సందర్శకులతో వాళ్ళు మాట్లాడదగిన వాక్యాలు ఏడే. వాటిలో "స్వాగతం, మీ ఆనందమే మా ఆనందం" ఒకటి. "మీ చిరునవ్వు మాకు బహుమతి" ఒకటి. "ఈ రోజు మీకు మరపురానిది కావాలి" మరొకటి. ఏడింటిలోనూ సమాచారం అనేది ఎక్కడా లేకుండా శ్రద్ధ తీసుకున్నారు. మేము చాలా సంతోషించాం. ఇన్నాళ్ళకు వాళ్ళు మా భాష మాట్లాడుతున్నట్టనిపించింది.

జులైలో ఒక శనివారం ర్యాండల్ పోల్మన్ కుటుంబంతో పార్కుకు వచ్చాడు. పోల్మన్ మా జిల్లాలో ట్రాక్టర్లు అమ్మే పెద్దమనిషి. పార్కులో బాణసంచా ఖర్చు ఆయనదే, అందుకని ఆయన ఎక్కడికెళ్ళినా వరుస ఆయన వెనక మొదలవుతుంది. ఆ రోజు "పిచ్చి ఉడత" ఎక్కాడు. పిచ్చి ఉడత మా చెక్క రోలర్ కోస్టర్. దాని మీట దగ్గర బెగిమాయ్ ఉంది.

బండి కదిలి పెద్ద ఎత్తు ఎక్కుతుండగా పోల్మన్ కోటు లోపలినుంచి ఐస్‌క్రీమ్ కోను బయటికి తీశాడు. చేతిలో వస్తువులు ఉండకూడదన్నది నిబంధన. బెగిమాయ్ రేడియో అందుకుంది.

"మెర్ల్ మహాశయా, పోల్మన్ అను పెద్దమనిషి ఐస్‌క్రీముతో ఆరోహించుచున్నాడు. నా కర్తవ్యమేమి?"

మెర్ల్ అప్పుడు తినుబండారాల దుకాణం నీడలో నిలబడి వేడి వేడి చీజు వేపుడు నములుతున్నాడు. పోల్మన్ పేరు వినగానే మనసు మెత్తబడింది. నోరు కాలుతుండగా అన్నాడు, "ఎవరు, మన ర్యాండీయా? పోనీలే, ఆయనకో బ్రేక్ ఇవ్వు."

మా ఊళ్ళో బ్రేక్ ఇవ్వమంటే చూసీ చూడనట్టు పొమ్మని అర్థం. పసిపిల్లలకు కూడా తెలుసు.

బెగిమాయ్ ఆలోచించలేదు. ఎవరు, ఎందుకు అని అడగలేదు. ఎర్ర పిడి లాగేసింది.

పిచ్చి ఉడత శిఖరానికి మూరెడు దూరంలో, ముక్కు ఆకాశానికెత్తి, ఆగిపోయింది. అలా ఆగిన బండిని మళ్ళీ కదిలించడానికి మెకానిక్కు రావాలి. మెకానిక్కు చేపల భోజనానికి వెళ్ళాడు. పోల్మన్ వెల్లకిలా పడుకున్నట్టు కూర్చుని ఉన్నాడు. వెనిలా ఐస్‌క్రీమ్ తన సహజ ధర్మం ప్రకారం ముంజేతి మీదుగా మోచేతికీ, అక్కడినుంచి మెడకూ ప్రయాణం చేస్తోంది.

"ఏయ్ అమ్మాయ్," అని పైనుంచి అరిచాడు. "ఏంటిది? దింపు నన్ను."

బెగిమాయ్‌కు ఆయన మాట పూర్తిగా అర్థమైంది. బదులు చెప్పాలనీ ఉంది. కానీ సందర్శకుడితో మాట్లాడదగినవి ఏడు వాక్యాలే. వాటిలో పరిస్థితికి కాస్తయినా దగ్గరగా ఉన్నదేదో వెతుక్కుని, చెవుడున్న మనిషికి వినబడేలా దోసిలి అడ్డుపెట్టుకుని అరిచింది. "ఈ రోజు మీకు మరపురానిది కావాలి."

"వెటకారమా? నేనెవరో తెలుసా నీకు?"

"మీ చిరునవ్వు మాకు బహుమతి."

కింద చేరిన జనం ఫోన్లు పైకెత్తారు. టావోయ్ పాప్‌కార్న్ బండి వదిలి పరుగెత్తుకొచ్చాడు. "మెకానిక్కు వస్తున్నాడండీ, ఐదు నిమిషాలు ఓర్చుకోండి, ఊగకండి," అని శుభ్రమైన ఇంగ్లీషులో చెప్పాడు. పోల్మన్ తల వంచి చూసి, "ఇంగ్లీషు వచ్చినవాణ్ణెవణ్ణయినా పిలవండ్రా," అన్నాడు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. కోటు ఒకటి పాడైంది, పరువు ఒకటి కారింది. ఆ సాయంత్రమే పోల్మన్ ఫోన్ చేశాడు. హోల్‌బ్రూక్ మెర్ల్‌ను పక్కకు తీసుకెళ్ళాడు.

"ఆ పిల్లను ఇంటికి పంపేద్దాం, మెర్ల్. మంచి పిల్లే అనుకో. కానీ భాష రాకపోతే ఎట్లా? సోమవారం ర్యాండీ వస్తాడు, ఆమెను కూర్చోబెట్టి నాలుగు ప్రశ్నలు అడుగుదాం. నువ్వు దుబాసీగా ఉండు."

"రేడియోలో నేనొక మాట అన్నాను డెన్నిస్," అన్నాడు మెర్ల్.

"అన్నీ ఎందుకు కలుపుతావ్? దీన్ని భాషా సమస్యగానే ఉంచుదాం. సులువుగా ఉంటుంది."

మెర్ల్ తలూపి ఇంటికొచ్చాడు. ఆర్లిస్ వంటింట్లో మొక్కజొన్న పొత్తులు ఒలుస్తోంది. అంతా విని, ఒలవడం ఆపకుండానే అడిగింది.

"బ్రేక్ అంటే పిడి లాగమని ఆ పిల్లకు నేర్పిందెవరు?"

"నేనే."

"ఆయనకో బ్రేక్ ఇవ్వమన్నదెవరు?"

"నేనే."

"మరి ఇంగ్లీషు రానిదెవరికి?"

మెర్ల్ నిలబడి బిళ్ళను చొక్కా చేత్తో తుడిచాడు. ఆర్లిస్ అది చూసింది. "ఆ బిళ్ళ కూడా అదో రకంగా ఉంది," అంది.

ఆదివారం విద్యార్థుల వసతిగృహం దగ్గరికి వెళ్ళాడు. బెగిమాయ్ మెట్ల మీద కూర్చుని బూట్లు తుడుచుకుంటోంది. పెట్టె సర్దేసి ఉంది.

"నన్ను పంపివేయుదురా?" అని అడిగింది.

మా భాషలో ఇలాంటి ప్రశ్నకు "చూద్దాం, ఏమవుతుందో" అంటాం. మెర్ల్ ఆమె పక్కన కూర్చుని అదే అన్నాడు.

ఆమె బూటు కింద పెట్టి చెప్పింది. "నేను బయలుదేరునాడు మా వీధి వీధంతయు నన్ను సాగనంపెను. రొట్టెలవాడు దుకాణము మూసి వచ్చెను. ఇప్పుడు తిరిగి వెళ్ళిన యెడల ఒక్కొక్కరును వచ్చి, ఏమి తప్పు చేసితివని అడుగుదురు. నేనేమి చెప్పవలెను?" మెర్ల్ వైపు తిరిగింది. "నిజముగా అడుగుచున్నాను. నా తప్పేమో నాకు తెలియలేదు. తమరు చెప్పిన, వారికి అదే చెప్పెదను."

మెర్ల్‌కు చెప్పడానికి ఏడు వాక్యాలు కూడా లేవు. "సరే మరి," అని మోకాళ్ళు చరుచుకుని లేచాడు.

సోమవారం హోల్‌బ్రూక్ గదిలో విచారణ జరిగింది. బల్లకు అటు హోల్‌బ్రూక్, పోల్మన్. ఇటు బెగిమాయ్, ఆమె పక్కన బిళ్ళ పెట్టుకుని మెర్ల్. గది చిన్నది. గుసగుసలాడినా నలుగురికీ వినబడుతుంది.

"బండి ఎందుకు ఆపిందో అడుగు," అన్నాడు హోల్‌బ్రూక్ మెర్ల్‌తో.

మెర్ల్ ఆమె వైపు తిరిగాడు. "బం...డి... ఎం...దు...కు... ఆ...పా...వు?"

"ఆపుమని ఆజ్ఞ వచ్చినది కావున ఆపితిని."

హోల్‌బ్రూక్ మెర్ల్ వైపు చూశాడు. పోల్మన్ కూడా చూశాడు.

"ఆపమంటే ఆపానంటోంది," అన్నాడు మెర్ల్.

"ఓహో," అన్నారిద్దరూ.

ఈ విధంగా ఇంగ్లీషు నుంచి ఇంగ్లీషులోకి అనువాదం నిరాటంకంగా సాగింది. ఆమె పేరు, ఊరు, ఐస్‌క్రీమ్ రంగు అన్నీ ఆమె నోట వినబడి, మెర్ల్ నోట అర్థమయ్యాయి. పద్ధతి చాలా బాగుందని పోల్మన్ కూడా మెచ్చుకున్నాడు.

"ఇంతకీ ఆజ్ఞ ఎవరిచ్చారట?" అన్నాడు హోల్‌బ్రూక్.

మెర్ల్ అడిగాడు. ఈసారి సాగదియ్యలేదు.

బెగిమాయ్ అతని ముఖంలోకి చూసి, ఎలాంటి తడబాటు లేకుండా చెప్పింది. "తమరే ఇచ్చితిరి. 'ఆయనకో బ్రేక్ ఇవ్వు' అంటిరి. నేను ఇచ్చితిని."

గదిలో మాట స్పష్టంగా వినబడింది. కిటికీ బయట గడ్డి కోస్తున్నవాడికి కూడా వినబడి ఉంటుంది. హోల్‌బ్రూక్ కలం పట్టుకుని, మామూలు ముఖంతో మెర్ల్‌ను అడిగాడు. "ఏమంటోంది?"

వాళ్ళు నిజంగానే వినలేదని మెర్ల్‌కు అర్థమైంది. వినడం లేదు, తన కోసం ఎదురుచూస్తున్నారు. ఇప్పుడు తనేం చెబితే ఆమె అదే అన్నట్టు. ఏమీ తెలియదంటోంది అంటే సరిపోతుంది. పక్కన కూర్చున్న మనిషి తిరిగి "అబద్ధము" అన్నా, దాన్ని అనువదించవలసింది తనే. ఇంత అధికారం మా జిల్లా జడ్జికి కూడా లేదు. మెర్ల్ బల్ల వైపు తిరిగాడు.

"తప్పు నాది," అన్నాడు.

"అమ్మయ్య," అని హోల్‌బ్రూక్ కలం మూత పెట్టాడు. "ఒప్పేసుకుంది. పని తేలికైంది."

"కాదు డెన్నిస్. తప్పు నాది."

"అవును, విన్నాం. తప్పు తనది అంటోంది."

"తను అనడం లేదు. నేనంటున్నాను."

"నువ్వే అనాలి కదయ్యా, ఆమెకు ఇంగ్లీషు రాదాయె."

పోల్మన్ జాలిగా నిట్టూర్చాడు. "పాపం, అంత నిజాయితీగా ఒప్పుకుంటే నాకే ఎట్లాగో ఉంది."

మెర్ల్ లేచి నిలబడ్డాడు. ఛాతీ మీద బిళ్ళ తియ్యబోతే పిన్ను ఊడిరాలేదు. గట్టిగా లాగితే చొక్కా చిరిగి, బిళ్ళ చేతికొచ్చింది. దాన్ని బల్ల మీద పెట్టాడు.

"ఇప్పుడు నేను దుబాసీని కాను. మెర్ల్‌ని. బ్రేక్ అంటే పిడి లాగమని నేర్పింది నేను. ఆ పూట రేడియోలో నీకో బ్రేక్ ఇవ్వమన్నదీ నేనే, ర్యాండీ. నీ ఐస్‌క్రీమ్ చూసీ చూడనట్టు వదిలెయ్యమని నా ఉద్దేశం. ఈ పిల్ల నేను చెప్పింది చెప్పినట్టు చేసింది."

 ఈ ముక్కలు హోల్‌బ్రూక్‌కు నిజంగానే కొరుకుడు పడలేదు. తప్పు తనదని ఒక మనిషి తనంతట తాను చెప్పడం ఆ గదిలో వాడుకలో ఉన్న భాష కాదు.

"మరి ఆ పిల్లతో 'చూసీ చూడనట్టు వదిలెయ్' అనొచ్చుగా," అన్నాడు పోల్మన్ చివరికి.

"అనొచ్చు," అన్నాడు మెర్ల్.

"నేను అంతసేపు వేలాడాను మెర్ల్."

"తెలుసు. క్షమించు."

పోల్మన్ బెగిమాయ్ వైపు మొదటిసారి సూటిగా చూశాడు. "మరి నువ్వు ఆ చిరునవ్వు, బహుమతి అనడం ఏంటమ్మా?"

"అంతకు మించి పలుకుటకు మాకు అనుమతి లేదు," అంది బెగిమాయ్.

పోల్మన్ అలవాటుగా మెర్ల్ వైపు తిరగబోయి, ఆగి, హోల్‌బ్రూక్ వైపు తిరిగాడు. హోల్‌బ్రూక్ కిటికీ వైపు తిరిగాడు.

యాజమాన్యం న్యాయంగానే వ్యవహరించింది. బెగిమాయ్ చేసినట్టయితే అది భాషా సమస్య అయ్యుండేది. మావాడు చేశాడని తేలినందువల్ల "ఊహించని సాంకేతిక విరామం" అని ప్రకటన విడుదల చేశారు. సాంకేతిక విరామాలకు ఎవర్నీ ఇంటికి పంపరు. బెగిమాయ్‌ను బాతు పడవల దగ్గరికి మార్చారు; వాటికి బ్రేకులుండవు. భాషా సమస్య లేదని రుజువైంది కనక భాషా సమన్వయకర్త పదవిని రద్దుచేసి, మెర్ల్‌ను కార్లు నిలిపే చోట జెండా ఊపే పనిలో పెట్టారు. అక్కడ మాట్లాడే అవసరం రాదు.

ఆ సాయంత్రం గేటు దగ్గర మెర్ల్, బెగిమాయ్, టావోయ్ కలిశారు.  విడిపోయే ముందు మర్యాద కోసం మేము వాడే మాట ఒకటుంది. మెర్ల్ దాన్ని వాడాడు. "ఎప్పుడైనా మా ఇంటికి భోజనానికి రావాలి మీరంతా."

"ఎప్పుడు?" అంది బెగిమాయ్.

గ్రీబ్ లేక్ పట్టణం ఏర్పడిన నాటినుంచి ఆ మాటకు ఈ ప్రశ్న వేసినవారు లేరు. మెర్ల్ నోరు తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు. "గురువారం," అన్నాడు.

"గురువారం వచ్చెదము," అంది బెగిమాయ్.

"మీరంతా అంటే ఎందరం సార్?" అన్నాడు టావోయ్. "చెప్పకపోతే మావాళ్ళు మొత్తం దిగిపోతారు, తర్వాత మమ్మల్ననొద్దు."

"దిగిపోనీ," అన్నాడు మెర్ల్.

గురువారం నిజంగానే వచ్చేశారు. రెండు బస్సుల్లో పట్టినంతమంది. బెగిమాయ్ నూనెలో వేయించిన పిండి ఉండలు పెద్ద సంచీ నిండా తెచ్చింది. టావోయ్ అడక్కుండానే పొయ్యి దగ్గర ఆర్లిస్‌ను పక్కకు జరిపి, కోడిమాంసానికి మిరపకాయలు పట్టించాడు. ఆర్లిస్ పంది సాసేజీల పళ్ళెం బెగిమాయ్ ముందు పెట్టింది.

"వద్దు," అంది బెగిమాయ్. "నేను పంది మాంసము తినను. చేప ఉన్న యెడల తినెదను."

ఆర్లిస్ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఆ ఇంట్లో ఏం పెట్టినా అందరూ పర్వాలేదంటూ తిన్నారు. సగం మంది ఇష్టం లేక తిన్నారని ఆమెకు ఎప్పుడూ అనుమానమే. "ఉంది, చేపుంది," అని, ఏదో వరం దొరికినట్టు ఫ్రిజ్ వైపు పరుగెత్తింది.

పెరట్లో బల్లలు చాలక గడ్డి మీద కూర్చున్నారు. నవ్వులు, పాటలు, ఒకళ్ళ మాట ఒకళ్ళకు సగం అర్థమై మిగతా సగం మళ్ళీ అడిగించుకోవడం. మెర్ల్ గొంతు ఎత్తకుండా మాట్లాడుతున్నాడు. అర్థం కానివాళ్ళు అర్థం కాలేదంటున్నారు. అతను మరోలా చెబుతున్నాడు.

ఆ సందడికి పక్కింటి వెండెల్ కంచె దగ్గరికొచ్చాడు. ముప్పై ఏళ్ళుగా పక్కిల్లే.

"సందడిగా ఉందే," అన్నాడు.

"పర్వాలేదు," అన్నాడు మెర్ల్.

"మేం కూడా ఎప్పుడైనా రావాలి మీ ఇంటికి."

"తప్పకుండా రండి."

"వస్తాం, వస్తాం."

ఎప్పుడని అడుగుదామని మెర్ల్‌కు నోటిదాకా వచ్చింది. కానీ వెండెల్ మనవాడు, పరాయివాడు కాదు. అలా అడిగితే ఏం బాగుంటుంది? ఇద్దరిదీ ఒకే భాష. ఒకరి మాట ఒకరికి పూర్తిగా అర్థమైంది. వెండెల్ చెయ్యూపి, లోపలికెళ్ళి, తలుపేసుకుని టీవీ పెట్టుకున్నాడు.